వేల్స్‌కి సొంత సర్కార్ ఉండగా లండన్‌లో వేల్స్ ఆఫీస్ ఎందుకు, దాన్ని అడిగేవాళ్ళెవరు?

ప్రశ్న అడిగినాయన వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో మాస్టర్స్ చేస్తున్నారట. వేల్స్‌కి సొంత పార్లమెంటు ఉంది, ఫస్ట్ మినిస్టర్ ఉన్నారు, అలాంటప్పుడు లండన్ కేబినెట్‌లో మళ్ళీ వేల్స్ కోసం ఒక మంత్రి, ఒక డిపార్ట్‌మెంటు దేనికి, అది ఏం చేస్తోందో నిలదీసేవాళ్ళు ఉన్నారా లేక ఉత్తి అలంకారమేనా అని ఆయన డౌటు.

సూటిగా చెప్పేస్తా. నిలదీసేవాళ్ళు ఉన్నారండి, బానే నిలదీస్తారు కూడా. చిక్కెక్కడంటే, నిలబెట్టేది వేల్స్ ఆఫీస్‌ని, అసలు నిర్ణయం తీసుకునేది ఇంకెవరో. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది.

నా సంగతి రెండు ముక్కల్లో. ఈ దేశం వచ్చి పదిహేనేళ్ళు దాటింది, ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పాలసీ పని చేస్తా, అంటే పార్లమెంటు కమిటీలకి లిఖితపూర్వకంగా సాక్ష్యాలు రాసి పంపడం, హియరింగ్‌కి వెళ్ళి వెనక వరసలో కూర్చుని నోట్స్ రాసుకోవడం. కాబట్టి ఇది పుస్తకం చూసి చెప్తున్నది కాదు, అలాగని నేను లాయర్నీ కాదు.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. వేల్స్‌కని కేబినెట్‌లో మంత్రి వచ్చింది 1964లో, మొదటాయన జిమ్ గ్రిఫిత్స్. మరుసటేడు వెల్ష్ ఆఫీస్ అని డిపార్ట్‌మెంటు పెట్టారు. అప్పట్నుంచి 1999 దాకా పోనుపోను అది చాలా పెద్ద వ్యవహారం అయిపోయింది, ఆసుపత్రులు, స్కూళ్ళు, రోడ్లు అన్నీ ఆ మంత్రి కిందే, మన దగ్గర రాష్ట్రపతి పాలనలో గవర్నర్ చేతిలో ఉన్నట్టు. 90ల్లో జాన్ రెడ్‌వుడ్ అని ఇంగ్లీషాయన ఆ మంత్రి, వేల్స్ గీతం పాడమంటే మాటలు రాక పెదాలు ఆడిస్తూ తల ఊపిన వీడియో ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది, దొరికితే చూడండి. 1997 సెప్టెంబర్‌లో రెఫరెండం పెడితే సొంత అసెంబ్లీ కావాలన్నవాళ్ళు గెలిచింది 6,721 ఓట్ల తేడాతో, దేశం మొత్తం మీద అంతే. మనూళ్ళో ఎమ్మెల్యే సీటు మెజారిటీ అంతకంటే ఎక్కువుంటుంది. 1999లో అధికారాలు కార్డిఫ్‌కి వెళ్ళిపోయాక వెల్ష్ ఆఫీస్ కాస్తా వేల్స్ ఆఫీస్ అయింది. పేరులో ఒక్క మాటే మారింది కానీ లోపల సరుకంతా ఖాళీ.

ఇప్పుడు దాని సైజు చూడండి. లండన్‌లో సర్కారు ఆఫీసులుండే వైట్‌హాల్‌లో గ్విడిర్ హౌస్ అనే పాత భవనం, కార్డిఫ్‌లో ఇంకో ఆఫీసు, మొత్తం సిబ్బంది వంద లోపే, వాళ్ళు కూడా వేల్స్ ఆఫీస్ సొంత ఉద్యోగులు కారు, న్యాయశాఖ నుంచో మరో చోటు నుంచో వచ్చినవాళ్ళు. సొంత ఖర్చు ఏడాదికి ఐదు మిలియన్ పౌండ్ల చుట్టుపక్కల. కానీ పార్లమెంటులో దాని పేరు మీద ఆమోదం పొందే డబ్బు మాత్రం బిలియన్లలో, ఎందుకంటే వేల్స్ ప్రభుత్వానికి లండన్ నుంచి ఏకమొత్తంగా వచ్చే డబ్బు, అంటే బ్లాక్ గ్రాంట్ అంతా ఈ ఆఫీస్ పద్దు కిందే పాసవుతుంది. 2025-26కి అది 21 బిలియన్ పౌండ్లు అన్నారు, మన లెక్కలో రెండు లక్షల కోట్ల రూపాయల పైమాట. అయితే ఎంత ఇవ్వాలన్నది తేల్చేది ట్రెజరీ, అంటే ఇక్కడి ఆర్థిక శాఖ, బార్నెట్ ఫార్ములా అని 70ల చివరి నుంచి ఉన్న ఒక లెక్క ప్రకారం, ఇంగ్లండ్‌లో ఖర్చు పెరిగితే జనాభాని బట్టి మిగతావాళ్ళకి వాటా అన్నమాట. ఎలా ఖర్చు పెట్టాలన్నది తేల్చేది కార్డిఫ్. మధ్యలో వేల్స్ ఆఫీస్ చేసేది మనియార్డర్ పట్టుకొచ్చే పోస్టుమాన్ పని.

అందుకే ఆ 21 బిలియన్ గురించి లండన్‌లో వేల్స్ ఆఫీస్‌ని అడిగి లాభం లేదు. ఆ డబ్బు ఎటు పోయిందో చూడడానికి వేల్స్‌కి విడిగా ఆడిటర్ జనరల్ ఉన్నారు, సెనెద్‌లో, అంటే వేల్స్ పార్లమెంటులో, పబ్లిక్ అకౌంట్స్ చూసే కమిటీ ఉంది. లండన్ వాళ్ళకి మిగిలేది ఆ ఐదు మిలియన్లు. దాన్ని ఎంత గుచ్చి గుచ్చి అడిగినా మహా అయితే ప్రయాణ ఖర్చులూ కమ్యూనికేషన్ టీమూ తప్ప ఏం దొరుకుతుంది చెప్పండి.

మరి లండన్‌లో అడిగే దారులేంటంటే, అందరికీ కనపడేది వెల్ష్ క్వశ్చన్ టైమ్. కొన్ని వారాలకోసారి బుధవారం పొద్దున 11:30కి, అరగంట. దాని వెనకే 12కి ప్రధానమంత్రి ప్రశ్నలుంటాయి కాబట్టి 11:50 నుంచి సభ నిండడం మొదలవుతుంది, ప్రధానిని చూడడానికి వచ్చినవాళ్ళ కబుర్లలో పాపం వేల్స్ ప్రశ్న అడిగేవాళ్ళ గొంతు ఎవరికీ వినపడదు, స్పీకర్ ఆర్డర్ ఆర్డర్ అంటూనే ఉంటారు. నా అభిప్రాయం ఏంటంటే అది స్క్రూటినీ కంటే నాటకం ఎక్కువ. అందులోనూ 1999 అక్టోబర్ 25న కామన్స్, అంటే లండన్ పార్లమెంటు దిగువ సభ, ఒక తీర్మానం చేసుకుంది, డివాల్వ్ అయిన, అంటే కార్డిఫ్‌ లాంటి చోట్లకి అప్పగించేసిన విషయాల మీద, ఆరోగ్యం, చదువు లాంటివాటి మీద, ఒకటి రెండు మినహాయింపులు తప్ప ఇక్కడి మంత్రిని ప్రశ్న అడగడానికి లేదు అని. రూలు న్యాయమైనదే, లేకపోతే కార్డిఫ్‌లో ఓడినవాళ్ళు లండన్‌లో అదే గొడవ మళ్ళీ మొదలెడతారు. కాకపోతే మంత్రులకి అది గొడుగులా పనికొస్తుంది. ఆసుపత్రి అడిగితే అది కార్డిఫ్‌ది అంటారు, రైలు అడిగితే ట్రాన్స్‌పోర్ట్ శాఖని అడగమంటారు, డబ్బు అడిగితే ట్రెజరీ వైపు చూపిస్తారు. తిలా పాపం తలా పిడికెడు.

అసలు పని జరిగేది వెల్ష్ అఫైర్స్ కమిటీలో. 1979లో నార్మన్ సెయింట్ జాన్-స్టీవాస్ అనే మంత్రి హయాంలో డిపార్ట్‌మెంటుకొక సెలెక్ట్ కమిటీ పెట్టారు, అందులో ఇదొకటి. మామూలుగా 11 మంది ఎంపీలు, ఛైర్మన్‌ని 2010 నుంచి సభ మొత్తం రహస్య ఓటుతో ఎన్నుకుంటోంది, అంతకుముందు పార్టీ విప్‌ల చేతివాటం బాగా ఉండేది. రిపోర్టు ఇచ్చాక రెండు నెలల్లో ప్రభుత్వం జవాబు ఇవ్వడం ఆనవాయితీ. హియరింగులన్నీ లైవ్‌లో వస్తాయి, ఢిల్లీలో మన స్టాండింగ్ కమిటీలు తలుపులేసుకుని కూర్చుంటాయి చూడండి, ఇక్కడ అలా కాదు, మీరు లండన్ వెళ్తే సెక్యూరిటీ దాటి నేరుగా లోపలికెళ్ళి కూర్చోవచ్చు, టికెట్టూ గట్రా ఏమీ లేవు.

ఈ కమిటీ పరిధి కాగితం మీద చూస్తే వేల్స్ ఆఫీస్ ఖర్చు, పాలన, పాలసీ, ఇంకా సెనెద్‌తో సంబంధాలు. అంతవరకే చూసుకుని ఉంటే ఏడాదికి ఒక్క మీటింగ్‌తో సరిపోయేది. నిజంగానే ఏడాదికోసారి మంత్రిని పిలిచి మీ బాధ్యతలేంటి, ఏం చేశారు అని ఒక సెషన్ పెడతారు, అది చూస్తే నిద్రొస్తుంది. తెలివైన పని ఏం చేశారంటే, డిపార్ట్‌మెంటుని వదిలేసి వేల్స్ అనే మాటని పట్టుకున్నారు. వేల్స్‌లో రైళ్ళు, వేల్స్‌లో జైళ్ళు, వేల్స్‌లో అణువిద్యుత్తు, అప్పట్లో సెవర్న్ బ్రిడ్జి టోలు, ఇలా విషయం తీసుకుని ఆ శాఖ మంత్రినే పిలుస్తారు. ఉదాహరణకి జైళ్ళు స్కాట్లాండ్‌లో స్కాట్లాండ్ ప్రభుత్వానివి, వేల్స్‌లో మాత్రం ఇప్పటికీ లండన్‌వే, వేల్స్ మొత్తంలో ఆడవాళ్ళ జైలు ఒక్కటీ లేదు, శిక్ష పడితే సరిహద్దు దాటి ఇంగ్లండ్‌లో గ్లాస్టర్‌షైర్‌కో చెషైర్‌కో పంపుతారు, వాళ్ళ పిల్లలు చూడ్డానికి వెళ్ళాలంటే ఎంత దూరమో ఆలోచించండి. ఇలాంటివి న్యాయశాఖ కమిటీకి పది పనుల్లో పదకొండోది, వెల్ష్ అఫైర్స్‌కి అదే ముఖ్యమైన పని.

సరే, వీళ్ళు అడిగినందువల్ల నిజంగా ఏదైనా మారిందా అంటే, నాకు బాగా నచ్చిన కథ ఒకటుంది.

2015 అక్టోబర్‌లో అప్పటి వేల్స్ మంత్రి స్టీఫెన్ క్రాబ్ ఒక డ్రాఫ్ట్ బిల్లు బయటపెట్టారు. ఉద్దేశం మంచిదే, కార్డిఫ్‌కి ఏ అధికారాలున్నాయో లిస్టు రాసే పద్ధతి పోయి, లండన్ దగ్గర ఉండిపోయేవి మాత్రమే లిస్టు రాసి మిగతావన్నీ కార్డిఫ్‌వే అనే పద్ధతి, స్కాట్లాండ్‌కి మొదట్నుంచీ ఉన్నదే. తీరా చూస్తే ఆ లండన్ లిస్టు పేజీలకి పేజీలు సాగింది, పైగా నెసెసిటీ టెస్ట్ అని ఒక మెలిక. అంటే కార్డిఫ్ ఏదైనా చట్టం చేస్తూ సివిల్, క్రిమినల్ చట్టాల జోలికి కొంచెం వెళ్ళాల్సొస్తే, అది తప్పనిసరి అని నిరూపించుకోవాలి, ఎంత అవసరమో అంతకి మించకూడదు. చట్టం అమలు చేయాలంటే ఎక్కడో ఒక చోట జరిమానానో శిక్షో పెట్టాలి కదా, అలా పెట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు కోర్టుకెక్కి ఇది అవసరం లేదు అని వాదించొచ్చు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టు, ఇచ్చామన్న అధికారం ఇచ్చినట్టే ఉండి వాడబోతే చేతికి రాదు.

కమిటీ ఆ డ్రాఫ్ట్ తీసుకుని రాజ్యాంగ నిపుణుల్ని, లాయర్లని, కార్డిఫ్ నాయకుల్ని వరసగా పిలిచింది. అప్పుడు ఛైర్మన్ డేవిడ్ టి.సి. డేవిస్, మంత్రిది ఈయనదీ ఒకటే పార్టీ, ఇద్దరూ కన్సర్వేటివ్‌లే. అయినా 2016 ఫిబ్రవరి చివర్లో వచ్చిన రిపోర్టు, ఆ లిస్టు తగ్గించండి, ఆ టెస్ట్ సంగతి చూడండి, హడావిడి పడకుండా కాస్త ఆగండి అని చెప్పేసింది. దాని వెనకే ఫిబ్రవరి 29న క్రాబ్ గారు ఆగుతున్నాం అని ప్రకటించారు, నెసెసిటీ టెస్ట్ పీకేస్తామన్నారు, లిస్టు కోత కోస్తామన్నారు. అదే మార్పులతో వేరే మంత్రి చేతుల మీదుగా 2017 జనవరిలో వేల్స్ యాక్ట్ అయింది. కమిటీ ఒక్కదాని వల్లే అని నేననను, కార్డిఫ్‌లో అన్ని వైపుల నుంచీ గోల ఉంది, యూనివర్సిటీ వాళ్ళు కూడా దాన్ని బాగానే చీల్చి చెండాడారు. కానీ వెనక్కి తగ్గడానికి మంత్రికి ఒక మర్యాదైన దారి కావాలి, సొంత పార్టీ ఛైర్మన్ రిపోర్టు ఆ దారి ఇచ్చింది.

ఈ కథకి కొసమెరుపు ఏంటంటే తర్వాత ఇద్దరి కుర్చీలు తారుమారయ్యాయి. 2020లో క్రాబ్ అదే కమిటీకి ఛైర్మన్ అయ్యారు, 2022 అక్టోబర్‌లో డేవిస్ వేల్స్ మంత్రి అయ్యారు. ఒకప్పుడు అడిగినాయన ఇప్పుడు జవాబు చెప్పుకోవాలి, ఒకప్పుడు తడబడినాయన ఇప్పుడు అడగాలి. మంత్రి ఏ ప్రశ్నకి ఎలా తప్పించుకుంటాడో తెలిసినవాడే అడిగేవాడైతే ఆ సెషన్లు చూడ్డానికి సరదాగా ఉంటాయండి. పైగా ఆ ఏడాది జూలైలో సైమన్ హార్ట్ రాజీనామా చేయడం, రాబర్ట్ బక్‌లాండ్ రావడం, అక్టోబర్‌లో ఆయనా పోవడం, నాలుగు నెలల్లో ముగ్గురు మంత్రులు. మంత్రులు మారుతుంటే పాత సంగతులన్నీ గుర్తున్నది కమిటీకే.

ఇప్పుడు ఓడిపోయిన కథ. హెచ్‌ఎస్2 అని లండన్ నుంచి పైకి వేస్తున్న హైస్పీడ్ రైలు, దాని పట్టాలు ఒక్క అంగుళం కూడా వేల్స్‌లో లేవు. అయినా దాన్ని ఇంగ్లండ్ అండ్ వేల్స్ ప్రాజెక్టు అని లెక్క రాసుకున్నారు, ఎందుకంటే రైలు మౌలిక వసతులు చాలావరకు వేల్స్‌కి డివాల్వ్ కాలేదు. స్కాట్లాండ్‌కి, ఉత్తర ఐర్లండ్‌కి డివాల్వ్ అయ్యాయి కాబట్టి ఆ ఖర్చుకి తగ్గ వాటా వాళ్ళకి బార్నెట్ ప్రకారం వచ్చింది, వేల్స్‌కి సున్నా. 2021 జూలైలో కమిటీ, అప్పుడు కన్సర్వేటివ్ ఛైర్మన్ క్రాబే, దీన్ని ఇంగ్లండ్ ప్రాజెక్టుగా మార్చండి అని స్పష్టంగా రాసింది. ప్రభుత్వం కుదరదంది. సర్కారు మారింది, 2024 జూలైలో లేబర్ వచ్చింది, జో స్టీవెన్స్ మంత్రి అయ్యారు, రూత్ జోన్స్ ఛైర్మన్ అయ్యారు, వర్గీకరణ మాత్రం మారలేదు. 2025 జూన్ స్పెండింగ్ రివ్యూలో వేల్స్ రైళ్ళకి పదేళ్ళ మీద 445 మిలియన్ పౌండ్లు ఇస్తామన్నారు, గతంలో తక్కువ ఇచ్చామని ఒప్పుకున్నారు కూడా. కమిటీ గెలిచిందా ఓడిందా మీరే చెప్పండి. నా లెక్కలో అయితే ట్రెజరీ గోడకి కొట్టిన బంతి కొంచెం పక్కకి తిరిగి వచ్చిందంతే.

రెండింటికీ తేడా గమనించారా. డ్రాఫ్ట్ బిల్లు వేల్స్ ఆఫీస్ సొంత కాగితం, ఇంకా తడి ఆరని కాగితం, అందుకే మార్చగలిగారు. హెచ్‌ఎస్2 ట్రెజరీ లెక్క, ఎప్పుడో గట్టిపడిపోయింది.

వేల్స్‌లోని పోర్ట్ టాల్బట్‌లో ఉన్న టాటా స్టీల్ సంగతి ఈ రెండింటికీ మధ్యలోది. విశాఖ ఉక్కు గురించి విని పెరిగిన మనకి బ్లాస్ట్ ఫర్నేస్ ఆర్పేయడం అంటే ఏంటో ఎవరూ చెప్పక్కర్లేదు. అక్కడ రెండు ఫర్నేసుల్లో ఒకటి 2024 జూలైలో, రెండోది సెప్టెంబర్ 30న ఆపేశారు, వాటి బదులు 1.25 బిలియన్ పౌండ్లతో ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేస్, అందులో 500 మిలియన్ ప్రభుత్వానిది, దాదాపు 2,800 ఉద్యోగాలు పోతాయని కంపెనీయే చెప్పింది. మూసేముందే కమిటీ టాటా పెద్దల్ని కూర్చోబెట్టి అడిగింది, యూనియన్ల వాదన విన్నది, కానీ ఒప్పందం బిజినెస్ శాఖకీ కంపెనీకీ మధ్య అప్పటికే అయిపోయింది, ఆ దశలో ఎన్ని ప్రశ్నలడిగినా చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. అయితే ఒక్క విషయంలో వేల్స్ మంత్రి చేతిలో నిజంగా ఏదో ఉంది. ఉపాధి పోయినవాళ్ళ కోసం 100 మిలియన్ల నిధితో ట్రాన్సిషన్ బోర్డ్ పెట్టారు, 80 ప్రభుత్వానివి, 20 టాటావి, దానికి అధ్యక్షత వేల్స్ సెక్రటరీదే. ఇక్కడ మాత్రం అది మా శాఖ కాదు అనడానికి లేదు. నిధి ప్రకటించి నెలలు గడిచినా పైసా కదల్లేదేం అని అడిగితే జవాబు చెప్పాల్సింది ఆ కుర్చీలో ఉన్న మనిషే. మొదటి విడత 13.5 మిలియన్లు ప్రకటించింది 2024 ఆగస్టులో, అప్పటికి ఒక ఫర్నేస్ చల్లారిపోయింది.

స్కాట్లాండ్, ఉత్తర ఐర్లండ్ గురించి కూడా ఒక మాట అనుకుందాం, పూర్తిగా రాయాలంటే ఇంకో పోస్టు అవుతుంది. స్కాటిష్ అఫైర్స్ కమిటీని 1987 నుంచి 1992 దాకా అసలు పెట్టనే లేదు, అధికార పార్టీకి స్కాట్లాండ్‌లో పది మంది ఎంపీలే మిగిలారు, కమిటీకి మనుషులు చాల్లేదు. 2019లో అదే కమిటీ ఇంకో అడుగు వేసి, అసలు స్కాట్లాండ్ ఆఫీస్ పాత్రనే సమీక్షించండి అని రాసింది. తీరా 2023 జనవరిలో ఆ స్కాట్లాండ్ ఆఫీస్ మంత్రే స్కాట్లాండ్ చట్టంలోని సెక్షన్ 35 వాడి ఎడిన్‌బరాలోని స్కాట్లాండ్ పార్లమెంటు పాస్ చేసిన జెండర్ రికగ్నిషన్ బిల్లుని ఆపేశారు, ఆ సెక్షన్ వాడడం అదే మొదటిసారి, కాబట్టి ఈ ఆఫీసుల్ని ఉత్తి పోస్టుమాన్ అని పూర్తిగా కొట్టిపారేయడానికీ లేదు. ఉత్తర ఐర్లండ్‌లో 2017 జనవరి నుంచి 2020 జనవరి దాకా అక్కడి ప్రభుత్వమే పనిచేయలేదు, వాళ్ళ బడ్జెట్లు లండన్‌లోనే గబగబా పాస్ చేశారు, ఇక్కడ సరిగ్గా చూసేవాళ్ళు లేరు, అక్కడ చూడాల్సిన అసెంబ్లీయే లేదు. నాకు అన్నిటికంటే భయమేసేది అదే.

వేల్స్ మంత్రి పదవినే రద్దు చేస్తే సరిపోతుందిగా అని మీరడగొచ్చు. చాలామంది అంటారు. నా మటుకు నాకు వద్దనిపిస్తుంది. ఆ ఆఫీస్ బలహీనమైనదే, కానీ అది పోతే ఆ బుధవారం అరగంట పోతుంది, ఆ కమిటీ ఏ హోదాతో నిలబడుతుందో తెలీదు. ఢిల్లీలో ఆంధ్రకో తెలంగాణకో విడిగా ఒక కేబినెట్ మంత్రి, ఆ మంత్రిని మాత్రమే నిలదీసే ఒక ఎంపీల కమిటీ ఉంటే, విభజన హామీలేమయ్యాయి అని కెమెరా ముందు అడిగే చోటు ఒకటి ఉండేది కదా. జవాబు రాకపోయినా రాలేదన్నది రికార్డులో ఉండేది.

ఇక మీకు పనికొచ్చేది. మీరు ఇండియన్ సిటిజనే అయినా కామన్‌వెల్త్ పౌరులు, ఇక్కడ చెల్లే వీసా మీద ఉన్నారు, అంటే పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయొచ్చు, సెనెద్ ఎన్నికల్లో కూడా వేయొచ్చు, చాలామంది స్టూడెంట్లకి ఇది తెలీదు. ముందు ఓటరుగా నమోదు చేయించుకోండి. మీ ఎంపీకి అడ్రసు, పోస్ట్‌కోడ్ వేసి మెయిల్ చేస్తే జవాబు వస్తుంది, సంగతి బాగుంటే దాన్ని లిఖిత ప్రశ్నగా కూడా వేస్తారు. కమిటీ ఏదైనా ఎంక్వైరీ మొదలెట్టినప్పుడు సాక్ష్యం పంపమని వెబ్‌సైట్‌లో పిలుపు ఇస్తుంది, ఎవరైనా పంపొచ్చు, మూడు వేల పదాల లోపు, పేరాలకి నంబర్లు వేయాలి, ముందే ఎక్కడైనా పబ్లిష్ చేసినది తీసుకోరు. నేను మొదటిసారి పంపినప్పుడు సగానికి పైగా ఆసుపత్రి వెయిటింగ్ లిస్టుల మీదే రాశా, ఇది మా పరిధి కాదండి, కార్డిఫ్‌కి పంపుకోండి అని మర్యాదగా తిరుగు మెయిల్ వచ్చింది. అప్పట్నుంచి రాయబోయే ముందు ఒక తెల్లకాగితం మీద మధ్యలో గీత గీసి, లండన్‌వి ఒక పక్క, కార్డిఫ్‌వి ఒక పక్క వేసుకుంటా. రైలు, జైలు, పోలీసు, బ్రాడ్‌కాస్టింగ్, వీసాలు ఎడమ పక్క. ఆసుపత్రి, బడి, బస్సు, కౌన్సిల్ కుడి పక్క. ఎక్కడ వేయాలో తెలీనివి మధ్య గీత మీదే రాస్తా, కమిటీ వాళ్ళు చెవి పెట్టి వినేది ఎప్పుడూ వాటినే.